చల్లగానే ఉంది మామయ్యా

"నేను ఆ మిషన్లో చెయ్యి పెట్టను వదినా. ఇంట్లోంచి గెంటేసినా సరే, పెట్టను."

వంటింటి గుమ్మంలో నిలబడి మరిది ఈ మాట అనడం ఇది మూడోసారి. మొదటిసారి అరిచాడు, రెండోసారి వణికాడు. ఈసారి మాత్రం మంచినీళ్ళు అడిగినంత మామూలుగా అన్నాడు. కోడలికి ఆ మామూలు గొంతు వింటేనే ఎక్కువ భయం వేసింది.

"మెల్లిగా మాట్లాడు," అంది. "ముందుగదిలో మామయ్య ఉన్నారు."

"విననీ. వినాల్సిందే ఆయన."

"ముందు ఆ చెయ్యి చూపించు."

చూపించాడు. గీత కూడా పడలేదు. ఆమె అయిదు వేళ్ళూ లెక్కపెట్టి, నమ్మకం చాలక మళ్ళీ లెక్కపెట్టింది.

ఇంటికింద షెడ్డులో అరగంట క్రితం జరిగిందిది. ప్లాస్టిక్ షీటుని హీటరు వేడికి మెత్తబరిచి, కిందినుంచి అచ్చుని లేపి, గాలి లాగేసి ట్రేలుగా చేసే మిషను అది. కాగితాల్లో థర్మోఫార్మింగ్ మిషను అని రాశారు గానీ ఇంట్లో అందరూ "కొత్తది" అంటారు, ఎవరో పదిహేనేళ్ళు వాడుకుని వదిలించుకున్నదైనా. షీటు పెట్టాలన్నా, ట్రే తీయాలన్నా మనిషి చెయ్యి దాని లోపలికి వెళ్ళాల్సిందే. చెయ్యి లోపలున్నంతసేపూ అచ్చున్న బల్ల కదలదన్న నమ్మకం మీదే ఆ పనంతా నడుస్తుంది.

మరిది ముందున్న జాలీ తలుపు తెరిచి, అచ్చు మీది దుమ్ము తుడుస్తున్నాడు. బటను ఎవరూ నొక్కలేదు. బటను దగ్గర అసలు మనిషే లేడు. బల్ల బుస్సుమని లేచి పై ఫ్రేముకి కొట్టుకుంది. గుడ్డ లోపలే ఉండిపోయింది, చెయ్యి బయటికి వచ్చింది. ఎలా వచ్చిందో వాడికే తెలియదు.

మెట్లమీద అడుగుల చప్పుడైంది. భర్త పైకి వచ్చాడు.

"ఏరా, పనివాళ్ళందరి ముందూ పరువు తీసి, పైకొచ్చి కూర్చున్నావా?"

"పరువా? నా చెయ్యి పోయేది అన్నయ్యా!"

"పోలేదుగా."

"పోయాక వచ్చి చెప్పనా?"

తమ్ముడి మీద కోపంతో వచ్చినవాడే, కానీ ఆ కోపం కింద ఉన్నదేమిటో అతని మొహంలో తెలిసిపోతోంది. పెదాలు తెల్లబడి ఉన్నాయి.

"ఒరేయ్ పెద్దాడా," ముందుగదిలోంచి మామగారి గొంతు. "కంప్రెసరు ఆగిపోయిందేం?"

మోకాళ్ళు మొరాయించాక మామగారు మెట్లు దిగడం మానేసి ఏడాది దాటింది. అయినా షెడ్డు ఆయన చెవుల్లోనే ఉంటుంది. కుర్చీలో కూర్చునే కింద ఏది నడుస్తోందో, ఏది ఆగిందో, ఎవడు పని ఎగ్గొట్టి కబుర్లు చెబుతున్నాడో చెప్పేస్తారు.

"కరెంటు పోయింది నాన్నా," అన్నాడు భర్త.

అబద్ధమాడేముందు తలెత్తి చూసుకోవాల్సింది. మామగారి నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది. ఆయన తల పైకెత్తి ఫ్యానుని చూడడం, తర్వాత తల దించి వంటింటి వైపు చూడడం తెరిచి ఉన్న తలుపులోంచి కోడలికి కనిపించింది.

"ఓహో," అన్నారాయన. ఇంకేమీ అడగలేదు.

ఆయన అడిగితే కోడలు చెప్పాల్సిన జవాబు ఒకటుంది. మూడు వారాలుగా దాన్ని దాచుకునే ఉంది.

ఎవరో వాడిన మిషను కొనడానికి వెళ్ళేటప్పుడు మామగారికో పద్ధతి ఉండేది. అమ్మేవాడు పదింటికి రమ్మంటే తొమ్మిదింటికే వెళ్ళేవారు. వెళ్ళి, మనిషికంటే ముందు మిషన్ని పలకరించేవారు. పిల్లలకి జ్వరం చూసినట్టు చెయ్యి తిప్పి, వేళ్ళ వెనకవైపుతో మోటారునీ వాల్వునీ తాకేవారు. చల్లగా ఉంటేనే బేరం. వేడిగా ఉంటే, "రేపొస్తాలే నాయనా," అని వచ్చేసేవారు.

"వేడిమీదున్న మిషను అన్నీ మంచి మాటలే చెబుతుందమ్మా," అనేవారు కోడలితో. "చల్లగా ఉన్నప్పుడు లేపి చూడు, దాని రోగాలన్నీ అదే చెప్పుకుంటుంది."

ఈ విద్యని ఇద్దరు కొడుకులకీ నేర్పబోయి, విసుగుపుట్టి, చివరికి కోడలికి నేర్పారు. ఈ మిషన్ని చూడ్డానికి బయల్దేరిన రోజు మెట్లపైన కర్ర పట్టుకుని నిలబడి, "అమ్మాయ్, నేను రాలేను. నీ చెయ్యి నా చెయ్యే అనుకుంటాను," అన్నారు.

ఆమె తాకింది. వేడిగా ఉంది.

"పొద్దున్నుంచి ఆర్డరు నడుస్తోందమ్మా," అన్నాడు అమ్మేవాడు, ఓ గళ్ళచొక్కా మనిషి. పొద్దున్నుంచి ఆర్డరు నడిచిన చోట కత్తిరింపు తుక్కు నేలమీద పిసరంత కూడా లేదు. అదీ ఆమె చూసింది. కానీ అంతకుముందు రెండు మిషన్లు ఆమె తల అడ్డంగా ఊపడం వల్లే చేజారిపోయాయి. "ఈసారీ వద్దన్నావంటే షెడ్డు తాళాలు నీ చేతికే ఇచ్చేస్తా, నువ్వే ఏలుకో," అని దారిలో భర్త అననే అన్నాడు. ఇప్పుడు ఆ మిషను పక్కన నిలబడిన అతని మొహం, ఎన్నాళ్ళ తర్వాతో, పెళ్ళినాటి ఫొటోలో మొహంలా ఉంది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని ఊరుకుంది.

ఇంటికొచ్చాక మామగారు ఒక్కటే అడిగారు. "చల్లగా ఉందామ్మా?"

"చల్లగానే ఉంది మామయ్యా."

ఆ మాట మీద ఆయన తలూపారు. ఆ తలూపుడు మీద, ముప్పై ఏళ్ళు ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టిన పాత మిషను మారకం కింద బండెక్కి వెళ్ళిపోయింది. ఎండలున్నన్నాళ్ళూ కొత్తది బుద్ధిగానే నడిచింది. రెండు రోజులుగా ముసురుపట్టి షెడ్డంతా చల్లబడింది.

మధ్యాహ్నం రిపేరు మేస్త్రీ వచ్చి, రెండు గంటలసేపు మిషను కింద దూరి, మోచేతులదాకా గ్రీజుతో బయటికొచ్చాడు.

"చల్లగా ఉన్నప్పుడు దీన్ని నడపకండి సార్."

"అంటే?"

"గాలి వాల్వు లోపల అరిగిపోయింది. చల్లగా ఉంటే పట్టేస్తుంది. వెనకాల గాలి పేరుకుని పేరుకుని, ఎప్పుడో ఒక్కసారి వదిలేస్తుంది. బల్ల లేస్తుంది. మీరు నొక్కక్కర్లేదు. రెండు మూడు గంటలు వేడెక్కిందనుకోండి, దీనంత బుద్ధిమంతురాలు ఉండదు."

"వాల్వు మార్చెయ్యి."

"ఈ రకం చెయ్యడం ఎప్పుడో మానేశారు సార్. ఉన్నా, అదొక్కటీ మారిస్తే చాలదు. ఇటు రండి."

జాలీ తలుపు పక్కనున్న చిన్న స్విచ్చి మూత విప్పి చూపించాడు. తలుపు తెరవగానే మిషన్ని ఆపేయాల్సిన స్విచ్చి అది. దాని తీగలు రెండూ కలిపేసి, మీద నల్లటేపు చుట్టేశారెవరో. తలుపు తెరిచినా మూసినా మిషనుకి ఒకటే.

"ఊడిపోయి ఉంటుంది," అన్నాడు భర్త.

"ఊడిపోయిన తీగ తనకి తాను టేపు చుట్టుకోదు సార్."

మేస్త్రీ సంచి సర్దుకుని వెళ్తూ కోడలి దగ్గర ఆగాడు. "అమ్మా, ఇంతకుముందు దీనిమీద పనిచేసిందెవరో కనుక్కున్నారా?"

"లేదు. ఏం?"

"ఏం లేదు. ఇప్పుడిక కనుక్కోకండి."

అతను గేటు దాటేదాకా ఆమె అక్కడే నిలబడిపోయింది. ఆ తర్వాత తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఉన్నానని గమనించి వదిలేసింది.

షెడ్డు మూలనున్న ఆఫీసు గదిలో భర్త గళ్ళచొక్కాకి ఫోను చేశాడు. పక్కన భార్య సాక్షిగా ఉండాలని కాబోలు, స్పీకరు పెట్టాడు. వాల్వు సంగతి చెప్పాడు, టేపు సంగతి చెప్పాడు. చెబుతున్నకొద్దీ అతని గొంతు పెరిగింది. అవతలి గొంతు మాత్రం పెరగలేదు.

"మీరు చూసుకునే తీసుకున్నారు కదండీ. నడిపి చూపించాను, ట్రే తీసి మీ చేతిలో పెట్టాను."

"వేడిచేసి చూపించారు!"

"పైగా మీ ఆవిడ తాకి మరీ చూశారు. నేను గమనించలేదనుకున్నారా? ఆవిడ చెయ్యి అలా తిప్పి పెట్టగానే, అయిపోయింది నా పని, అనుకున్నాను. ఎవరో తెలిసినవాళ్ళ దగ్గర నేర్చుకున్న చెయ్యి అది. కానీ ఆవిడ ఏమీ అనలేదు. అప్పుడు అనాల్సిన మాట ఇప్పుడంటే ఎలాగండీ?"

గళ్ళచొక్కా ఫోను పెట్టేశాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. కోడలు కిటికీ ఊచల్ని చూసింది, బల్లమీది టీ మరకల్ని చూసింది, భర్త మొహం తప్ప అన్నీ చూసింది.

"ఏమండీ, నేను..."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"వేడిగా ఉందని." అతను కుర్చీలో కూలబడ్డాడు. "నేనూ తాకాను. నువ్వు అటువైపు వెళ్ళి గాలి లాగే పంపు చూస్తుంటే తాకాను. నువ్వే చెప్తావులే అని ఊరుకున్నాను. చెప్పలేదు. ఇంటికొచ్చి నాన్నతో చల్లగానే ఉందన్నావు చూడు, అప్పుడు పక్కనే ఉన్నాను. అమ్మయ్య, గట్టెక్కాననుకున్నాను."

మూడు వారాలు ఒంటరిగా మోసిన బరువులో ఇంకొకరికీ వాటా ఉందని తెలిస్తే తేలికపడాలి. ఆమెకి మాత్రం భయం రెట్టింపైంది. మొగుడికీ తెలుసు, పెళ్ళానికీ తెలుసు. ఇద్దరూ నోరు కుట్టేసుకున్నారు. చెయ్యి పెట్టింది మాత్రం ఏమీ తెలియని మరిది.

"మామయ్యకి చెప్పేద్దామండీ," అంది. "ఈ క్షణమే పైకి వెళ్దాం పదండి."

"చెప్పి ఏం చేస్తాం? ఆయన కాళ్ళు పోయాయి, పని పోయింది, పాత మిషనూ పోయింది. ఇంక ఆయనకి మిగిలింది నీ మాటమీద నమ్మకం ఒక్కటే. అది కూడా లాగేస్తావా?"

ఆ దెబ్బ సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది.

"దీన్ని అమ్మేద్దాం," అన్నాడతను.

"ఎవరు కొంటారు దీన్ని?"

"దీనికోసమే మనతో పోటీపడ్డవాళ్ళున్నారుగా, ఆ చిన్న షాపు మొగుడూ పెళ్ళాలు. ఎప్పుడైనా అమ్మితే చెప్పమన్నారు. పొద్దున్నే ఫోను చేశాను. రేపు పదింటికి వస్తున్నారు."

పొద్దున్నే! అంటే మేస్త్రీ రాకముందే. తమ్ముడి చెయ్యి బయటపడిన గంటలోపే.

"వాళ్ళకి చెప్తారా?"

అతను బల్లమీద మరక ఒకటి గోటితో గీకడం మొదలుపెట్టాడు.

"మిమ్మల్నే. చెప్తారా, చెప్పరా?"

"ఏడింటికి ఆన్ చేస్తే పదింటికల్లా దారికొస్తుంది," అన్నాడు.

"అయ్యో! వాడు మనకి చేసిందే కదండీ ఇది!"

"మరేం చెయ్యమంటావు? ఇంట్లోనే పెట్టుకుని ఎవరి చెయ్యి పోతుందో చూస్తూ కూర్చోనా? వాడిదా? నాదా? నీదా?"

"ఎవరిదీ పోవద్దు."

"అలా కుదరదు," అన్నాడు భర్త. కోపంగా అనలేదు. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

ఆ రాత్రి ఇంట్లో కంచాల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. మరిది అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి తన చేతివంక చూసుకోవడం, మామగారు వాణ్ణి చూడడం, ఆమె మామగారిని చూడడం.

మర్నాడు పొద్దున్న ఏడింటికి షెడ్డు తలుపులు తీసేసరికి ముసురు ఇంకా వదల్లేదు. మరిది రానన్నాడు. భర్త భార్యని గోడవారగా నిలబెట్టి, మిషన్ని ఆపే ఎర్ర బటను చూపించాడు. "నేను అరిస్తే ఇది నొక్కు. ఇటు మాత్రం రాకు."

కంప్రెసరు ఆన్ చేశాడు. గాలి గేజిలో ముల్లు మెల్లిగా పైకెక్కడం మొదలుపెట్టింది. బల్ల కదల్లేదు. ముల్లు ఇంకా ఎక్కింది. బల్ల కదల్లేదు. ఆమె బటను మీద పెట్టిన వేలు చెమటకి జారుతోంది. దేవుడా, ఈ ఒక్కపూట, ఈ ఒక్కపూట గడిపించు, అనుకుంది. గడిపించమన్నది మొగుడి చేతులకోసమా, తన అబద్ధంకోసమా అని ఆగి ఆలోచిస్తే ఆమెకే సిగ్గేసేది.

"చూశావా? ఏమీ..." అంటూ అతను వాల్వు చూడ్డానికి ముందుకు వంగాడు.

బల్ల లేచింది. షెడ్డు రేకులు అదిరాయి. ఆమె కేక పెట్టిందో బటను నొక్కిందో, ఏది ముందో తెలియలేదు. కళ్ళు తెరిచేసరికి భర్త నేలమీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటున్నాడు.

పైన మామగారి కుర్చీ కిర్రుమంది.

"ఏం కాలేదు," అన్నాడు భర్త, ఎవరూ అడక్కుండానే. లేచాడు. మళ్ళీ ఆన్ చేశాడు.

తొమ్మిదింటికల్లా, మేస్త్రీ చెప్పినట్టే, మిషను బుద్ధిమంతురాలైపోయింది. నొక్కితే లేస్తోంది, వదిలితే దిగుతోంది. భర్త మూలనున్న గోనెసంచి లాక్కొచ్చి, పాత కత్తిరింపు తుక్కు రెండు దోసిళ్ళు తీసి మిషను చుట్టూ చల్లాడు. గళ్ళచొక్కాకంటే నాలుగాకులు ఎక్కువే చదివాడు. ఆ తుక్కు నేలమీద పడుతుంటే కోడలికి ఇతనెవరో అన్నట్టు అనిపించింది.

పదింటికి వాళ్ళు వచ్చారు. మొగుడు బక్కపల్చటి మనిషి. మాటకి ముందు నవ్వుతాడు. పెళ్ళాం చొక్కా చేతులు మోచేతులదాకా మడుచుకుని వచ్చింది. మిషను మీద పనిచేసేది తనేనని ఆ మడతల్లోనే తెలిసిపోతోంది.

"పొద్దున్నుంచి ఆర్డరు నడుస్తోంది," అన్నాడు భర్త.

మూడు ట్రేలు తీసి చూపించాడు. మూడూ చక్కగా, అంచులు తీర్చినట్టు వచ్చాయి. బక్కమనిషి వాటిని వెలుగుకి పట్టి చూసి మురిసిపోయాడు. మరిది షెడ్డు గుమ్మంలో నిలబడి తన చెప్పుల్నే చూసుకుంటున్నాడు. వాడు నోరు తెరుస్తాడేమోనని భర్తకి భయం. తెరవడేమోనని కోడలికి భయం.

ఆ అమ్మాయి కోడలి పక్కకి వచ్చింది. "అక్కా, మీరూ దీనిమీద చేస్తారా?"

"ఊఁ."

"నాకు కొంచెం భయంగా ఉందక్కా. మా పాతదానికి చేత్తో లేపే మీట ఉండేది. ఎంత లేపితే అంత లేచేది. ఇది గాలిది కదా. చెయ్యి పెట్టాలంటే... మీకేం భయం వెయ్యదా?"

అటు భర్త చూస్తున్నాడు. కోడలి పెదాలు విడివడ్డాయి.

అప్పుడే మెట్లమీద కర్ర చప్పుడు వినిపించింది. ఒక మెట్టు. ఆగింది. ఇంకో మెట్టు.

"నాన్నా!" భర్త పరిగెత్తాడు. మరిదీ పరిగెత్తాడు. మామగారు ఇద్దర్నీ చేత్తోనే ఆపేశారు. ఏడాది తర్వాత ఒక్కో మెట్టే దిగి, రొప్పుతూ షెడ్డులోకి వచ్చారు. ఈ మిషన్ని ఆయన కళ్ళతో చూడడం ఇదే మొదటిసారి. చుట్టూ ఓసారి చూశారు. నేలమీది తుక్కు చూశారు. భర్త మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మేస్తున్నారటగా," అన్నారు. "నాతో ఒక్కమాట చెప్పలేదే."

"అది కాదు నాన్నా, పెద్దది చూద్దామని..."

ఆయన ఆ మాట విననట్టే ఆ అమ్మాయి వైపు తిరిగారు. "నువ్వేనామ్మా నడిపేది? మరేం భయం లేదు. ఇది మా కోడలు తాకి చూసి తెచ్చిన మిషను. ఆమె చల్లగా ఉందంటే చల్లగా ఉన్నట్టే. నా మాట తప్పొచ్చు గానీ ఆమె మాట తప్పదు."

అంటూనే కోడలి కళ్ళలోకి చూశారు. ఆ చూపులో ఉన్నది నమ్మకమో, పరీక్షో ఆమెకి అర్థంకాలేదు.

ఆ అమ్మాయి మొహం విచ్చుకుంది. పెద్దాయన మాట ఆమెకి చాలు. నవ్వుతూ జాలీ తలుపు తెరిచి, అచ్చు ఎలా ఉందో తడిమి చూద్దామని మోచెయ్యి దాటేదాకా లోపలికి పెట్టింది.

"తియ్యి!"

ఆ కేక ఎవరిదో కోడలికి ముందు తెలియలేదు. తనదే. ఒక్క అంగలో వెళ్ళి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని బయటికి లాగేసింది. ఆ విసురుకి ఇద్దరూ వెనక్కి తూలి గోడకి కొట్టుకున్నారు. బల్ల కదల్లేదు. మిషను వేడిమీద ఉంది, బుద్ధిగా నిలబడి ఉంది.

"ఏమైందక్కా?" ఆ అమ్మాయి బిత్తరపోయింది.

కోడలు ఆమె చెయ్యి వదల్లేదు. మామగారి వైపు తిరిగింది.

"వేడిగా ఉంది మామయ్యా. ఆ రోజు మేం వెళ్ళేసరికి అది వేడిగానే ఉంది. నేను తాకాను. తెలిసే మీకు అబద్ధం చెప్పాను. చల్లగా ఉంటే దీని బల్ల దానంతటదే లేస్తుంది. తలుపు స్విచ్చి కూడా లేదు దీనికి. నిన్న మన చిన్నవాడి చెయ్యి పోయేది."

బక్కమనిషి చేతిలో ట్రే మెల్లిగా కింద పెట్టేశాడు.

మామగారు కర్రమీద రెండు చేతులూ ఆనించి, పెద్దకొడుకు వైపు తిరిగారు.

"నీకు తెలుసా?"

భర్త తండ్రిని చూశాడు. కొనడానికి వచ్చిన ఇద్దర్నీ చూశాడు. గుమ్మంలో తలెత్తిన తమ్ముణ్ణి చూశాడు. భార్యని మాత్రం చూడలేదు.

"తెలియదు నాన్నా," అన్నాడు. "నేనూ ఇప్పుడే వింటున్నాను."